క్లీవ్‌లాండ్ జట్టు సీజన్ మొదటి ఆటల్లో మీరు మరిచిపోలేనిది ఏది?

ఎరీ గట్టు:
ఏప్రిల్ వచ్చిందంటే ఈ ఫోరం నిండా ఐపీఎల్ గోలే. కాసేపు పక్కకి జరిగి ఇంకో ఆట సంగతి మాట్లాడుకుందాం.

బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకి సీజన్‌లో 162 ఆటలు. మొదటి ఆట గెలిచినా ఒక్క గెలుపే, సెప్టెంబర్‌లో గెలిచినా ఒక్క గెలుపే. అయినా ఓపెనర్ (సీజన్ మొదటి ఆట) రోజున మా క్లీవ్‌లాండ్‌లో ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీ. మా జట్టు పేరు 2021 దాకా ఇండియన్స్, 2022 నుంచి గార్డియన్స్. అక్టోబర్‌లో జరిగే వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, చివరిసారి గెలిచింది 1948లో. ఆ తర్వాత ఫైనల్ దాకా వెళ్లి ఓడినవే: 1954, 1995, 1997, 2016. అందుకని మా దగ్గర అక్టోబర్ కథలకన్నా ఏప్రిల్ కథలే ఎక్కువ.

సీజన్ మొదటి ఆట అయినా సరే, సొంత మైదానంలో మొదటి ఆట అయినా సరే, ఒప్పుకుంటాను. ఎందుకన్నది మాత్రం చెప్పాలి. ఒక ముక్క రాసి పారిపోకూడదు.

నా ఓటు 1960 ఏప్రిల్ 19.

రాకీ కొలావిటో అని అవుట్‌ఫీల్డర్. 1959లో 42 హోమ్ రన్లు (కంచె దాటే కొట్లు, మన సిక్సర్లలాంటివి) కొట్టాడు. అమెరికా పెద్ద పోటీ మేజర్ లీగ్‌లో రెండు భాగాలు; మా జట్టు ఆడే అమెరికన్ లీగ్‌లో ఆ ఏడు అంతకన్నా ఎక్కువ ఎవరూ కొట్టలేదు. అందగాడు. ఊరంతా అతని వెనకే. జనరల్ మేనేజర్ ఫ్రాంక్ లేన్‌కేమో ఆటగాళ్లని అటూ ఇటూ మార్చకపోతే నిద్ర పట్టదు. సీజన్‌కి రెండు రోజుల ముందు, ఏప్రిల్ 17న, ఈస్టర్ ఆదివారం పూట కొలావిటోని డెట్రాయిట్‌కి ఇచ్చేసి హార్వీ క్యూన్‌ని తెచ్చుకున్నాడు. క్యూన్ కిందటేడు .353 సగటుతో (వెయ్యికి 353 హిట్ల లెక్క) లీగ్ బ్యాటింగ్ చాంపియన్, తీసిపారేయాల్సిన వాడు కాదు. మెంఫిస్‌లో ప్రాక్టీసు ఆట జరుగుతుంటే, ఫస్ట్ బేస్ (పరుగుకి చుట్టాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిది) మీదున్న కొలావిటో దగ్గరికి మేనేజర్ (ఆట నడిపే కోచ్) జో గోర్డన్ నడిచి వెళ్లి కబురు చెప్పాడు.

ఇక సీజన్ మొదటి ఆట ఎవరితో అనుకున్నారు? డెట్రాయిట్‌తోనే, అదీ క్లీవ్‌లాండ్‌లోనే. మొన్నటి దాకా తమవాడనుకున్న మనిషి ఎదుటి జట్టు చొక్కాలో దిగాడు. యాభై వేలకు పైగా జనం. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో ముగిసే ఆట 15 ఇన్నింగ్స్ సాగింది, డెట్రాయిట్ 4–2తో గెలిచింది. కొలావిటో ఆరుసార్లు బ్యాట్ పట్టి ఒక్క హిట్ (కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కూడా కొట్టలేదు, నాలుగుసార్లు స్ట్రైకవుట్ (కొట్టలేకపోయిన మంచి బంతి ఒక స్ట్రైక్, మూడైతే అవుట్). తమవాడు విఫలమయ్యాడని ఏడవాలా, ఎదుటివాడు అవుటయ్యాడని ఎగరాలా? అంత ఇరకాటం ఏ స్టేడియంకీ రాకూడదు.

క్యూన్ ఒక్క సీజనే ఉన్నాడు, అతన్నీ పంపేశారు. లేన్ అక్కడితో ఆగితేగా! అదే ఆగస్టులో డెట్రాయిట్‌తో ఏకంగా మేనేజర్లనే మార్చుకున్నాడు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా జట్టు కోలుకోలేదు. పెద్దవాళ్లు దీన్ని కొలావిటో శాపం అంటారు. శాపం దాకా ఎందుకు, లేన్ చాలు.

అంకెల అప్పారావు:
ఎరీ గట్టు గారూ, ఓడిపోయిన ఆటకి ఓటేసే అభిమానుల్ని మీ ఊళ్లోనే చూశాను.

1940 ఏప్రిల్ 16, చికాగో, కొమిస్కీ పార్క్. క్లీవ్‌లాండ్ పిచర్ (బంతి వేసేవాడు) బాబ్ ఫెల్లర్‌కి 21 ఏళ్లు. క్లీవ్‌లాండ్ 1, చికాగో వైట్ సాక్స్ 0. చికాగోకి హిట్లు: సున్నా. మేజర్ లీగ్‌లో సీజన్ మొదటి రోజున ఆట పూర్తి చేసి నెగ్గిన నో-హిట్టర్ ఇదొక్కటే, ఇవాళ్టికీ. దీని తర్వాత ఇంకో పేరు ఎత్తాల్సిన పనేముంది?

నిజానికి ఆ రోజు ఫెల్లర్ చేతిలో బంతి కుదురుగా లేదు. ఎముకలు కొరికే చలి. అయిదుగురికి వాక్ ఇచ్చాడు. రెండో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ నిండిపోయాయి, ఓ కుర్ర బ్యాటర్‌ని స్ట్రైకవుట్ చేసి బయటపడ్డాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో జెఫ్ హీత్ సింగిల్ (ఒక బేస్ చేరే హిట్), తర్వాత క్యాచర్ రోలీ హెమ్స్‌లీ ట్రిపుల్ (మూడు బేస్‌లు). ఆ ఒక్క పరుగే మొత్తం ఆటకి.

తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు అవుట్లు. క్రీజులో ల్యూక్ ఆప్లింగ్. బంతిని ఫౌల్ కొట్టి కొట్టి పిచర్‌ని విసిగించడంలో ఆప్లింగ్‌ని మించినవాడు లేడు. ఎన్ని వేసినా పక్కకి నెట్టేస్తున్నాడు. ఆఖరికి అతనికి వాక్ ఇచ్చి పంపారు. తర్వాత టాఫ్ట్ రైట్ కుడివైపు నేలబారుగా గట్టిగా కొట్టాడు. సెకండ్ బేస్‌మన్ రే మ్యాక్ ఒక్క ఉరుకు ఉరికి, పడుతూ బంతిని ఆపి, వెతికి పట్టుకుని ఫస్ట్ బేస్‌కి విసిరాడు. అవుట్. ఆ బంతి రెండు అంగుళాలు అటు జారి ఉంటే ఇవాళ మనం ఎవరి గురించో మాట్లాడుకునేవాళ్లం.

ఫెల్లర్ అమ్మా నాన్నా, చెల్లెలూ ఆ రోజు స్టాండ్స్‌లోనే ఉన్నారు. అంతకుముందు ఏడాది మే నెలలో ఇదే మైదానంలో, మదర్స్ డే రోజున, కొడుకు వేసిన బంతిని బ్యాటర్ ఫౌల్ కొడితే అది నేరుగా వచ్చి ఫెల్లర్ అమ్మ ముఖానికి తగిలింది. అయినా మళ్లీ వచ్చి కూర్చుందంటే ఆ తల్లికి దణ్ణం పెట్టాలి.

బెజవాడ బుల్లెట్:
నాకు క్రికెట్ తప్ప ఇంకోటి తెలీదు, అయినా అడుగుతా. అయిదుగుర్ని ఊరికే బేస్‌కి పంపించి "హిట్లు సున్నా" అంటే ఎలా అప్పారావుగారూ?

అంకెల అప్పారావు:
నాలుగు బంతులు స్ట్రైక్ జోన్ బయట పడితే బ్యాటర్ బ్యాట్ పక్కన పడేసి ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్లిపోతాడు. వాక్ అంటే అదే. అతను కొట్టిందేమీ లేదుగా. మీ క్రికెట్‌లో వైడ్ పరుగు బ్యాటర్ ఖాతాలో వేస్తారా? ఇదీ అంతే.

ఇంకో తమాషా. సీజన్ మొదటి ఆట కాబట్టి ఆటకి ముందు చికాగో బ్యాటర్లందరి సగటూ .000. ఆట అయ్యాకా .000. ఒక జట్టు మొత్తం బ్యాటింగ్ చేసి ఎవరి సగటూ వెంట్రుకవాసి కూడా కదలకుండా ఇంటికి పోవడం మేజర్ లీగ్ చరిత్రలో ఆ ఒక్కసారే.

చికాగో సుబ్బు:
వైట్ సాక్స్ అభిమానిగా నాకు ఈ థ్రెడ్ మీద అభ్యంతరం ఉంది. తలచుకున్నప్పుడల్లా మమ్మల్నే మధ్యలోకి లాగుతారు.

అలాగైతే నేనూ ఒకటి గుర్తుచేస్తా. 1901 ఏప్రిల్ 24. అమెరికన్ లీగ్ మేజర్ లీగ్‌గా మొదలైన రోజు. ఆ రోజు నాలుగు ఆటలు జరగాలి, మూడు వానకి పోయాయి. జరిగిన ఒక్కటీ చికాగోలో, మా వాళ్లకీ క్లీవ్‌లాండ్‌కీ. 8–2తో గెలిచింది మేము. అంటే లీగ్ చరిత్రలో మొట్టమొదట ఓడిన జట్టు మీది. ఇంతకన్నా "మరిచిపోలేని" ఓపెనర్ కావాలా?

ఎరీ గట్టు:
సుబ్బూ, అప్పటికి మా జట్టు పేరు బ్లూస్. ఆ అప్పులు ఇప్పుడు మేం కట్టం.

అప్పారావు గారి ఫెల్లర్ సంగతికి ఒక్కటే జవాబు. ఆ ఏడాది ఫెల్లర్ 27 ఆటలు గెలిచాడు. జట్టు మాత్రం ఒక్కటంటే ఒక్క ఆట తేడాతో డెట్రాయిట్‌కి పెన్నెంట్ (లీగ్ టైటిల్) వదిలేసింది. మధ్యలో కొందరు ఆటగాళ్లు కలిసి మేనేజర్ ఆస్కార్ విట్‌ని తీసేయమని యజమాని దగ్గరికి వెళ్లారు. ఊరూరా వాళ్లని ఏడుపుగొట్టు జట్టని వెక్కిరించారు. ఏప్రిల్‌లో చరిత్ర, సెప్టెంబర్‌లో మామూలే. మా జట్టు జాతకం మొత్తం ఆ ఒక్క సీజన్‌లో ఉంది.

శారద_పార్మా:
నమస్తే అందరికీ. మీరు చెప్పినవన్నీ పుస్తకాల్లో చదివినవి. నేను చూసింది చెప్తాను.

1994 ఏప్రిల్ 4. కొత్త స్టేడియం జేకబ్స్ ఫీల్డ్ తెరిచిన రోజు. అంతకుముందు ఆడిన మునిసిపల్ స్టేడియం సరస్సు ఒడ్డున ఉండేది. డెబ్బై వేలకు పైగా పట్టే స్టేడియంలో మామూలు రోజుల్లో పదివేల మంది కూర్చుంటే సగం జీవం పోయినట్టుండేది. దానిమీద సరస్సు గాలి. కొత్తది ఊరి నడిబొడ్డున, పచ్చగా, దగ్గరగా. అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ వచ్చి లాంఛనంగా మొదటి బంతి వేశారు. ఆ సాయంత్రమే షార్లెట్ వెళ్లిపోయారు, వాళ్ల ఆర్కన్సా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ చూడ్డానికి. అదీ గెలిచింది లెండి.

ఎదుటి జట్టు సియాటిల్. పిచర్ రాండీ జాన్సన్, ఆరడుగుల పది అంగుళాల మనిషి. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి మనవాళ్లకి ఒక్క హిట్ లేదు. స్టాండ్స్‌లో ఎవరున్నారనుకున్నారు? సాక్షాత్తూ బాబ్ ఫెల్లర్! అప్పారావు గారు చెప్పిన ఆ ఒక్క రికార్డు ఆయన కళ్లముందే ఇంకొకరి పాలయ్యేలా ఉంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో క్యాచర్ సాండీ అలోమార్ కుడివైపు ఒక సింగిల్ కొట్టాడు చూడండి, స్టేడియం కూలిపోతుందేమో అనిపించింది. వెనకే మానీ రమిరెజ్ డబుల్, 2–2. పదో ఇన్నింగ్స్‌లో వాళ్లు ఒక పరుగు, మనం ఒక పరుగు. పదకొండులో వేన్ కర్బీ సింగిల్‌కి ఎడ్డీ ముర్రే పరుగు పూర్తి చేశాడు. 4–3.

ఆ తర్వాత మా ఊరికి పిచ్చి పట్టింది. 1995 జూన్ నుంచి 2001 ఏప్రిల్ దాకా వరసగా 455 ఆటలకి టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. నా ఓటు దీనికే.

ఇంకో మాట. మా ఊళ్లో వసంతకాలం అంటే రెండు ఓపెనర్లు. 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది కదా, ఈస్టర్ చుట్టుపక్కల; చాలా ఏళ్లు క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో. స్టేడియం అక్కణ్ణించి నడిచిపోయే దూరం. రెండూ ఒకే రోజు పడితే పట్టుచీరలూ జట్టు జెర్సీలూ ఒకే పార్కింగ్ చోటు కోసం కొట్టుకుంటాయి. పంచరత్నాల్లో గొంతు కలిపి, చీర మీదే జాకెట్ తొడుక్కుని ఆటకి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. ఎవరని అడక్కండి.

కరీంనగర్ కుర్రోడు:
శారదక్కా, గది నువ్వే అని అందరికీ అర్థమైంది 😀

నేను మాస్టర్స్‌కి వచ్చినంక చూసిన మొదటి ఓపెనరే నా ఓటు. 2024 ఏప్రిల్ 8. సొంత మైదానంల మొదటి ఆట, గదే రోజు సంపూర్ణ సూర్యగ్రహణం, గది కూడా సరిగ్గ క్లీవ్‌లాండ్ మీదికెళ్లే! ఆట సాయంత్రం 5:10కి. గ్రహణం 3:13కి. గేట్లు ముందుగాల్నే తెరిచిన్రు. జనమంతా నల్లద్దాలు పెట్టుకొని కుర్చీలల్ల పండుకున్నట్టు పైకి చూసుడే. ఆటగాళ్లు గూడ బయటికొచ్చి చూసిన్రు. నాలుగు నిమిషాలకు కొంచెం తక్కువ, పట్టపగలు చీకటి. మళ్ల క్లీవ్‌లాండ్‌ల సంపూర్ణ గ్రహణం 2444లనట.

గా టైంల ఇంటికాడ అర్ధరాత్రి దాటి 12:43. తెల్లారితే ఉగాది, క్రోధి నామ సంవత్సరం. మా అమ్మ మేలుకొనే ఉన్నది. ఫోన్ చేసి ఒక్కటే మాట: "గ్రహణం ఇడిచేదాంక ఏం తినకు బిడ్డా." నా చేతుల హాట్‌డాగ్. ఏం జెయ్యాలె అన్నా, దాన్ని అట్లనే పట్టుకొని కూసున్న. ఇడిచినంక తిన్న, సల్లగ రాయి లెక్క అయింది.

ఆట 4–0తోని గెలిచినం. ఓడింది ఎవరో సుబ్బన్నను అడుగున్రి.

చికాగో సుబ్బు:
వైట్ సాక్స్. చాలా? ఆ ఏడాది మేం మొత్తం 121 ఆటలు ఓడాం, 1900 తర్వాత ఏ జట్టూ అన్ని ఓడలేదు. ఆకాశంలో సూర్యుడే కనపడకుండా పోయినప్పుడు మా బ్యాటింగ్ ఎక్కడ కనపడుతుంది?

గోదావరి మాస్టారు:
నేను రిటైరైన చరిత్ర లెక్చరర్ని. అమ్మాయి దగ్గరికి ఒహాయో వచ్చినప్పుడల్లా ఈ ఆట కొంచెం కొంచెం పట్టుబడింది. ఇంతసేపు చదివాను, ఇందరిలో ఒక్కరూ 1975 ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

ఇరవయ్యో శతాబ్దం మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ అడుగుపెట్టింది 1947 ఏప్రిల్ 15న. అదే జూలైలో అమెరికన్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు లారీ డోబీ, ఆడింది మీ క్లీవ్‌లాండ్‌కే. తర్వాత పాతికేళ్లు గడిచినా ఒక్క జట్టుకీ నల్లజాతి మేనేజర్ లేడు. 1972 అక్టోబర్ 15న వరల్డ్ సిరీస్ వేదిక మీద జాకీని సన్మానించారు. ఆయన ధన్యవాదాలు చెప్పి ఊరుకోలేదు. మూడో బేస్ దగ్గర నిలబడి జట్టుని నడిపే నల్లజాతి మేనేజర్ని చూసిన రోజున ఇంకా సంతోషిస్తానన్నాడు. చూపు దాదాపు పోయింది అప్పటికే. తొమ్మిది రోజులకి కన్నుమూశాడు.

1975 ఏప్రిల్ 8, క్లీవ్‌లాండ్. మేనేజర్ ఫ్రాంక్ రాబిన్సన్. జాకీకి చుట్టం కాదు, ఇంటిపేరు కలిసింది అంతే. మొదటి బంతి వేసినావిడ జాకీ భార్య రేచల్. ఫ్రాంక్‌కి 39 ఏళ్లు, మేనేజరూ ఆయనే, ఆటగాడూ ఆయనే. బ్యాటింగ్ వరసలో తన పేరు రెండోదిగా తానే రాసుకున్నాడు. మొదటి ఇన్నింగ్స్, న్యూయార్క్ యాంకీస్ పిచర్ డాక్ మెడిచ్, మొదటిసారి బ్యాట్ పట్టగానే హోమ్ రన్. యాభై ఆరువేల పైచిలుకు జనం. ఆట 5–3తో గెలిచారు.

మీ నో-హిట్టర్ గొప్పదే అప్పారావు గారూ. కానీ అది ఒక మనిషి ఒక మధ్యాహ్నం చేసిన పని. దీనికి 28 ఏళ్లు పట్టింది.

అంకెల అప్పారావు:
మాస్టారూ, మీ మాట కాదనను గానీ ఒక సందేహం. ఆ రోజు రాబిన్సన్ నాలుగుసార్లూ స్ట్రైకవుట్ అయ్యి, జట్టు 10–0తో ఓడినా అది చరిత్రే కదా? అంటే మీరు ఓటేస్తున్నది ఆ రోజుకి, ఆటకి కాదు. ఫెల్లర్ది అచ్చంగా ఆట. అడిగింది మరిచిపోలేని ఆట.

అంకె కావాలంటే ఇదిగో: సీజన్ మొదటి రోజుల్లో ఎక్కువ హోమ్ రన్లు ఎనిమిది. ఫ్రాంక్ రాబిన్సన్, కెన్ గ్రిఫీ జూనియర్, ఆడమ్ డన్ ముగ్గురివీ సమానం. ఆయన ఎనిమిదోది ఇదే.

గోదావరి మాస్టారు:
ఓడినా చరిత్రే, నిజం. కానీ ఓడి ఉంటే మర్నాటి పేపర్లో ఏం రాసేవారో ఊహించండి. కొత్తగా వచ్చిన ఏ తెల్ల మేనేజర్ మొదటి ఆట ఓడినా "161 మిగిలాయి" అంటారు. ఆయన ఓడితే "చెప్పామా" అనడానికి కాచుకున్నవాళ్లు ఎందరో. ఆ బరువు భుజాన పెట్టుకుని బంతిని కంచె దాటించడం ఆట కాదంటారా? నా దృష్టిలో ఆ రోజునీ ఆటనీ విడదీయలేం.

ఎరీ గట్టు:
మాస్టారూ, ఇది చదివాక నా 1960 కాస్త వెలవెలబోయింది, ఒప్పుకుంటా. ఓటు మాత్రం మార్చను.

ఒక తోక చేర్చాలి. ఆ రోజు ఆట మొత్తం పిచింగ్ చేసి గెలిపించింది గేలార్డ్ పెర్రీ. రాబిన్సన్‌కీ పెర్రీకీ ముందు సీజన్ నుంచే పొసగదు. జూన్ వచ్చేసరికి పెర్రీని టెక్సాస్‌కి పంపేశారు. ఏప్రిల్ ఎనిమిదిన మాత్రం ఇద్దరూ కలిసి యాంకీస్‌ని ఓడించారు.

బెజవాడ బుల్లెట్:
అప్పారావుగారూ, 1960 ఆట 15 ఇన్నింగ్స్ సాగిందన్నారు కదా ఎరీ గట్టు గారు. అదే రికార్డా?

అంకెల అప్పారావు:
1926లో వాషింగ్టన్, ఫిలడెల్ఫియా కూడా మొదటి రోజు 15 ఆడాయి. ఆ రెండిటినీ దాటింది 2012 ఏప్రిల్ 5న, 16 ఇన్నింగ్స్. ఎక్కడ? మళ్లీ క్లీవ్‌లాండ్‌లోనే. ఎదురు టొరంటో. క్లీవ్‌లాండ్ పిచర్ జస్టిన్ మాస్టర్సన్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క పరుగిచ్చి 4–1 ఆధిక్యంతో అప్పగిస్తే, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో క్రిస్ పెరెజ్ మూడు పరుగులూ ధారపోశాడు. దాంతో ఆట మొత్తం అయిదు గంటలు దాటేదాకా అందరూ కూర్చోవాల్సి వచ్చింది. 16లో టొరంటో ఆటగాడు అరెన్సిబియా మూడు పరుగుల హోమ్ రన్, 7–4. అదీ ఓటమే.

పరుగులు కావాలంటే 1925 చూడండి, సెయింట్ లూయీ మీద క్లీవ్‌లాండ్ 21–14తో గెలిచింది. 1900 తర్వాత ఒక జట్టు మొదటి రోజున కొట్టిన అత్యధిక పరుగులు అవే.

కరీంనగర్ కుర్రోడు:
అన్నా, జర ఒక డౌట్. పేరెందుకు మార్చిన్రు? పాత జెర్సీలు ఇప్పటికీ చానామంది ఏసుకొనొస్తరు స్టేడియంకి.

ఎరీ గట్టు:
ఇదీ ఓపెనర్‌తో ముడిపడ్డదే తమ్ముడూ. దశాబ్దాల పాటు హోమ్ ఓపెనర్ రోజున స్టేడియం బయట నేటివ్ అమెరికన్ సంఘాలు నిరసన చేసేవి. పేరు మీదా, జట్టు గుర్తయిన ఎర్రముఖం బొమ్మ మీదా. లోపలికి వెళ్లే జనం వాళ్లని దాటుకుంటూ వెళ్లేవాళ్లు, కొందరు నోటికొచ్చింది అనేవాళ్లు. ఇండియా నుంచి వచ్చిన మనలాంటివాళ్లం మధ్యలో నడిచి వెళ్తుంటే ఎటు చూడాలో తెలిసేది కాదు. 2018 సీజన్ తర్వాత బొమ్మని యూనిఫాం మీంచి తీసేశారు, 2021తో పేరూ పోయింది. కొత్త పేరు స్టేడియం పక్కనున్న హోప్ మెమోరియల్ వంతెన మీది రాతి విగ్రహాల నుంచి వచ్చింది. ట్రాఫిక్‌ని కాపలా కాసే దేవతలట అవి.

గార్డియన్స్‌గా మొదటి ఆట 2022 ఏప్రిల్ 7న కాన్సాస్ సిటీలో, 3–1తో ఓడాం. వారం తర్వాత ఇంట్లో మొదటిదీ ఓడాం. పేరు మారినా పద్ధతి మారలేదని ఊరు ఊపిరి పీల్చుకుంది.

నిర్వాహకుడు:
పేరు గురించి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే సరిపడా కొట్టుకున్నారు. ఇక్కడ ఆటల మీదే ఉండండి.

శారద_పార్మా:
1993 సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తబుద్ధి కాదు కూడా. మార్చి 22న, ఫ్లోరిడాలో శిక్షణ నడుస్తుండగా, సెలవు రోజున మన ఆటగాళ్లు ముగ్గురు చేపలు పట్టడానికి పడవ మీద వెళ్లి చీకట్లో రేవుకి గుద్దుకున్నారు. స్టీవ్ ఓలిన్, టిమ్ క్రూస్ పోయారు. బాబ్ ఒహేడా తీవ్ర గాయాలతో బతికాడు. ముగ్గురూ పిచర్లే. రెండు వారాలకి ఏప్రిల్ 5న ఓపెనర్. పాత స్టేడియంలో అదే ఆఖరి ఓపెనర్, డెబ్బై మూడు వేల మంది. ఆట ముందు ఇద్దరి భార్యలూ మైదానంలోకి వచ్చారు. యాంకీస్ చేతిలో 9–1తో ఓడారు. స్కోరు ఎవరికీ పట్టలేదు.

సరిగ్గా ఏడాదికి కొత్త స్టేడియంలో సాండీ కొట్టిన ఆ సింగిల్‌కి అంత పొంగిపోవడానికి ఇదీ ఒక కారణమే.

గోదావరి మాస్టారు:
అమ్మా, ఈ సంగతి నాకు తెలియదు. ఇప్పుడు 1994కి మీరు వేసిన ఓటు బాగా అర్థమైంది.

బెజవాడ బుల్లెట్:
చదువుతుంటే తెల్లారిపోయింది. గెలిచినవీ ఓడినవీ అయ్యాయి. అసలు జరగని ఓపెనర్ ఏమైనా ఉందా?

ఎరీ గట్టు:
భలే అడిగావ్ తమ్ముడూ. 2007 ఏప్రిల్ 6, గుడ్ ఫ్రైడే, హోమ్ ఓపెనర్, సియాటిల్‌తో. మంచు. బంతి కనపడనంత మంచు. ఆపడం, పారలతో ఎత్తడం, మళ్లీ మొదలుపెట్టడం. మనం 4–0 ముందున్నాం. మన పిచర్ పాల్ బర్డ్ అప్పటికి ఒక్క హిట్ ఇవ్వలేదు. అయిదో ఇన్నింగ్స్‌లో వాళ్ల సగం ముగిస్తే చాలు, ఆట అధికారికంగా లెక్కలోకి వస్తుంది. రెండు అవుట్లయ్యాయి. బ్యాటర్‌కి రెండు స్ట్రైకులు. ఇంకొక్క స్ట్రైక్!

అప్పుడు సియాటిల్ మేనేజర్ బయటికొచ్చి, ఈ మంచులో మా బ్యాటర్‌కి బంతి కనపడట్లేదని అంపైర్‌తో వాదన పెట్టుకున్నాడు. ఆట ఆగింది, మళ్లీ మొదలవలేదు, మొత్తం రద్దు. ఆ మేనేజర్ ఎవరో తెలుసా? మైక్ హార్‌గ్రోవ్. 1995, 1997ల్లో మా జట్టుని వరల్డ్ సిరీస్‌కి తీసుకెళ్లింది ఆయనే. మా ఊరి మంచులో ఎప్పుడు బయటికి రావాలో ఆయనకి తెలియక ఎవరికి తెలుస్తుంది?

ఆ సిరీస్ నాలుగు ఆటలూ మంచులో కొట్టుకుపోయాయి. తర్వాతి సిరీస్ లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్‌తో. దాన్ని మిల్వాకీకి తరలించారు, అక్కడి స్టేడియంకి పైకప్పు ఉంది కాబట్టి. ఎక్కడ కూర్చున్నా టికెట్ 10 డాలర్లు. ఊరు కాని ఊళ్లో మిల్వాకీ జనం వచ్చి మనవాళ్లకి చప్పట్లు కొట్టారు. ఇంకో విడ్డూరం: పోయిన ఆటల్లో ఒకదాన్ని సెప్టెంబర్‌లో సియాటిల్‌లో ఆడించారు, అక్కడ క్లీవ్‌లాండే సొంత జట్టు అన్నట్టు చివర బ్యాటింగ్ చేసింది.

బెజవాడ బుల్లెట్:
అయిపోయింది. నా ఓటు 2007కే. ఒక్క స్ట్రైక్ కోసం ఇంత గొడవ పడే ఆట అయితే ఇవాళ రాత్రి నేనూ చూస్తా.

అంకెల అప్పారావు:
కుదరదు. ఆ ఆట రికార్డుల్లోనే లేదు. బర్డ్ వేసిన బంతులు లేవు, మనం చేసిన నాలుగు పరుగులూ లేవు. లేని ఆటకి ఓటెలా వేస్తారు?

బెజవాడ బుల్లెట్:
నేను క్లీవ్‌లాండ్ వాణ్ణీ కాదుగా అప్పారావుగారూ, నా ఓటూ రికార్డుల్లో వెయ్యకండి. ఇవాళ ఆట మన టైంకి ఎన్నింటికో చెప్పండి చాలు.

కరీంనగర్ కుర్రోడు:
గిక్కడ సాయంత్రం 4:10 అన్నా, అంటే నీకు రాత్రి 1:40. కానీ బయట మబ్బు పట్టింది, అలారం పెట్టుకునే ముందుగాల ఒకసారి నాకు మెసేజ్ కొట్టు.